ఇంట్లో కడిగిన రంగులు

"రీలు కడగడానికి ఇచ్చారా?"

నాన్న బజారు నుంచి రాగానే మా అమ్మ అడిగే మొదటి మాట ఇది. పెళ్లికో తీర్థానికో వెళ్లినప్పుడు తీసిన ఫోటోల కోసం ఇంటిల్లిపాదీ వారం రోజులు ఎదురుచూసే కాలం అది. గిన్నెలు కడుగుతాం, బియ్యం కడుగుతాం, వాకిలి కడుగుతాం. మరి ఫోటోని కడగడమేమిటి? కడిగితే ఉన్న బొమ్మ కూడా పోదా? అని నాకు పెద్ద అనుమానం. అడిగితే "ముందు నీ ఎక్కాలు చూసుకో" అనేది అమ్మ. ఆవిడకీ తెలియదు పాపం.

ఇదిగో, నలభై దాటాక, మొన్న సంక్రాంతి సెలవుల్లో, మా పెరటి కుళాయి దగ్గర ఆ అనుమానం తీరింది. మా అమ్మాయి నా కళ్ల ముందే ఒక కలర్ రీలు కడిగింది. అది ఊరికే సరదాకి కడిగిన రీలు కాదు. ఆ సంగతి చెప్పాలంటే ముందు మా మామయ్యగారి కెమెరా గురించి చెప్పాలి.

మామయ్యగారు స్కూలు మాస్టారు. కాఫీ తప్ప ఆయనకున్న ఒకే ఒక్క వ్యసనం ఫోటోలు. ఇంట్లో ఎవరి పుట్టినరోజైనా, ఏ పూజైనా ఆయన మెడలో కెమెరా ఉండాల్సిందే. అందుకే మా ఆల్బముల్లో అందరూ ఉంటారు, ఆయన తప్ప. 2006లో ఆయన పోయేనాటికి మా అమ్మాయికి పదకొండు నెలలు. అప్పటి నుంచీ ఆ కెమెరా ఆయన కండువాలో చుట్టి బీరువాలో ఉంది. ఏటా ఆబ్దికానికి ముందు అత్తయ్యగారు తీసి, తుడిచి, మళ్లీ చుట్టి పెట్టేస్తారు.

కిందటేడు మా అమ్మాయికి రీలు కెమెరాల పిచ్చి పట్టుకుంది. చేతిలో అంత మంచి ఫోనుండగా ఇదేం సరదానో నాకు అర్థం కాలేదు. నానమ్మని బతిమాలి ఆ కెమెరా బయటికి తీయించింది. వెనక మూత తెరవబోయి, ఎందుకో ఆగి, రీలు వెనక్కి చుట్టే చిన్న పిడిని మెల్లగా తిప్పి చూసింది.

"అమ్మా, బిగుతుగా ఉంది. లోపల రీలుంది."

లెక్క చూపించే గడిలో 27 దగ్గర ఆగి ఉంది ముల్లు.

అత్తయ్యగారు కుర్చీలో అలా కూర్చుండిపోయారు. కాసేపటికి అన్నారు: "అన్నప్రాసనయ్యాక ఓ పొద్దున్నే, పెరట్లో దీన్ని ఎత్తుకుని, ఇదిగో ఇక్కడ నొక్కు అని కెమెరా నా చేతికిచ్చారు. నొక్కాను. తర్వాత కడిగించుకొచ్చిన ఫోటోల్లో అది లేదు. నాకు తీయడం చేతకాలేదు, పాడుచేసుంటాను అనుకున్నా. ఈలోగా ఆయనే లేకుండా పోయారు. ఇంకెవర్ని అడగను?"

తాతా మనవరాలూ కలిసి ఉన్న ఫోటో మా ఇంట్లో ఒక్కటి కూడా లేదు. ఉండాల్సిన ఆ ఒక్కటీ తన చేతుల్లోనే పాడైందని ఆవిడ ఇన్నేళ్లూ మనసులో పెట్టుకున్నారని ఆ రోజు దాకా మాకెవరికీ తెలియదు. అసలు సంగతేమిటంటే, కడిగించినది అంతకు ముందు రీలు. ఆవిడ తీసిన ఫోటో దీంట్లో ఉంది. ఉంటే.

ఊళ్లో స్టూడియోలన్నీ తిరిగాం. ఒకాయన నవ్వి, రీలు కడిగే మెషిను పాత ఇనుముకి అమ్మేసి పదేళ్లయిందన్నాడు. ఇంకొకాయన వేరే ఊరికి పంపిస్తాను గానీ పూచీ లేదన్నాడు. ఇంటికొచ్చాక మా అమ్మాయి నెమ్మదిగా అంది, "నేనే ఇంట్లో కడుగుతానమ్మా."

"నీకేమైనా మతిపోయిందా? అది కలర్ రీలు. పాడైతే మళ్లీ వస్తుందా?" అన్నాను.

"కలర్ రీలు పుట్టిందే ఇంట్లోనమ్మా, స్నానాల గదిలో" అంది.

నేను నమ్మలేదు. ఆ రాత్రి కూర్చుని చదివాను. చదివినకొద్దీ ఇది ఎక్కడో అమెరికా కథ కాదు, మన వంటింటి కథే అనిపించింది. మీకూ చెబుతాను.

రంగు ఫోటోకీ వంటింటికీ చుట్టరికం మొదటి నుంచీ ఉంది. ఫ్రాన్సులో లూమియేర్ అన్నదమ్ములని ఉన్నారు కదా, మనకి సినిమా ఇచ్చిన వాళ్లు. వాళ్లే 1907లో ఆటోక్రోమ్ అనే రంగుల గాజుపలకని అమ్మకానికి తెచ్చారు. ఆ రంగులు దేనితో వచ్చాయనుకుంటున్నారు? బంగాళాదుంప పిండితో! కంటికి కనపడనంత సన్నటి పిండి రేణువులకి నారింజ, ఆకుపచ్చ, ఊదా రంగులద్ది, కలిపేసి, గాజు మీద పల్చగా పరిచారు. దాని పైన మామూలు నలుపు తెలుపు ఫోటో మందు పూశారు. ఆ రేణువుల గుండా వెలుతురు వడకట్టుకుని వెళ్లి బొమ్మ పడేది. అవి కొనుక్కున్న వాళ్లు చాలామంది ఇంట్లోనే కడుక్కునేవారు. కానీ ఒక పలకకి ఒకే బొమ్మ. ఫోటో తీసేటప్పుడు ఎండలో చాలాసేపు కదలకుండా కూర్చోవాలి. పిల్లలున్న ఇంట్లో జరిగే పనేనా?

ఇక అసలు కథ న్యూయార్కులో మొదలవుతుంది. ఇద్దరు స్కూలు స్నేహితులు. ఇద్దరి పేరూ లియోపోల్డే. ఒకడు లియోపోల్డ్ మానెస్, పియానో వాయిస్తాడు. రెండోవాడు లియోపోల్డ్ గొడావ్‌స్కీ, వయొలిన్. మానెస్ తల్లిదండ్రులు న్యూయార్కులో సంగీత పాఠశాల పెట్టిన వాళ్లు. గొడావ్‌స్కీ తండ్రి ఆ రోజుల్లో ప్రపంచం మెచ్చిన పియానో విద్వాంసుడు. అలాంటి ఇళ్లలో పుట్టిన పిల్లలు 1917లో ఒక రంగుల సినిమాకి వెళ్లారు. ఆ రంగులు వాళ్లకి బొత్తిగా నచ్చలేదు. ఇంతకంటే మనమే బాగా చేయగలం అనుకున్నారు. ఆ వయసు పిల్లలు అనుకోనిదేముంది! కానీ వీళ్లు అనుకుని ఊరుకోలేదు. పగలు సంగీతం, దొరికిన సమయమంతా రసాయనాలు. ప్రయోగాలు ఎక్కడంటారా? ఇళ్లలోని స్నానాల తొట్లలో, వంటింటి సింకుల్లో. ఆ సింకుల దగ్గర వంట చేసిన వాళ్ల ఓపికకి నా దండం.

1922లో కూన్ లోబ్ అనే ఒక పెట్టుబడుల సంస్థ వీళ్లకి అప్పిద్దామా వద్దా అని చూసి రమ్మని ఒక కుర్ర ఉద్యోగిని ఇంటికి పంపింది. ఆ కుర్రాడు లూయిస్ స్ట్రాస్. తర్వాతి రోజుల్లో అమెరికా అణుశక్తి కమిషన్‌కి అధ్యక్షుడయ్యాడు. ఆ రోజు ఇల్లు చల్లగా ఉండి మందు ఎంతకీ పని చేయలేదట. వచ్చినవాడు లేచి వెళ్లిపోతాడేమోనని వీళ్లిద్దరూ వయొలినూ పియానో వాయిస్తూ కూర్చోబెట్టారని చెబుతారు. చివరికి బొమ్మ తేలింది, అప్పూ దొరికింది. పెళ్లిచూపుల్లో ఉప్మా ఇంకా ఉడకలేదని పిల్ల చేత రెండు కీర్తనలు పాడించినట్టు!

కొడాక్ కంపెనీ పరిశోధనశాల అధిపతి మీస్ వీళ్ల పని చూసి, 1930లో రోచెస్టర్‌కి పిలిపించుకున్నాడు. డిగ్రీలున్న రసాయన శాస్త్రవేత్తల మధ్య ఇద్దరు సంగీతగాళ్లు. వాళ్ల ఇంటిపేర్లలోంచి గాడ్, మ్యాన్ అని ముక్కలు తీసి, ఈ రీలుని దేవుడూ మనిషీ కలిసి చేశారని అక్కడ హాస్యమాడేవారట. రంగు రీలుని పూర్తి చీకట్లో కడగాలి. గడియారం చూడటానికి కూడా వెలుతురు పనికిరాదు. అందుకని వీళ్లు బ్రామ్స్ అనే స్వరకర్త సింఫనీని సెకనుకి రెండు దెబ్బల లెక్కన ఈల వేస్తూ కాలం కొలిచేవారు. బయట నడిచేవాళ్లకి పరిశోధనశాలలో పాటలేమిటో అర్థమయ్యేది కాదు.

ఈ ముక్క చదివి వినిపిస్తే అత్తయ్యగారు "ఇందులో వింతేముంది? లలితా సహస్రం పూర్తయ్యేసరికి నాకు పప్పు ఉడికేది కాదూ?" అన్నారు.

1935లో ఆ రీలు బజారుకొచ్చింది. పేరు కొడాక్రోమ్. మొదట సినిమా కెమెరాలకి, మరుసటేడు మామూలు కెమెరాలకి. ఇప్పుడు ఇక్కడొక చిన్న పాఠం చెప్పుకోవాలి. భయపడకండి, మనకి తెలిసిన వస్తువులతోనే చెబుతాను.

పసుపు పచ్చగా ఉంటుంది. సున్నం తెల్లగా ఉంటుంది. రెండూ కలిస్తే పారాణి ఎర్రగా పుడుతుంది. ఆ ఎరుపు రెండింట్లోనూ లేదు, కలిసిన చోట పుట్టింది. కలర్ రీలులో జరిగేదీ సుమారుగా ఇదే. రీలు మీద మూడు పల్చటి పొరలుంటాయి. ఒకటి నీలం వెలుతురుని పట్టుకుంటుంది, ఒకటి ఆకుపచ్చని, ఒకటి ఎరుపుని. మూడింట్లోనూ వెండి లవణాలుంటాయి. కడిగే మందులో ముంచగానే, వెలుతురు తగిలిన చోట వెండి నల్లగా తేలుతుంది. ఆ పనిలో మందు కొంత మారిపోతుంది. అలా మారిన మందు అక్కడే ఉన్న ఇంకో పదార్థంతో కలిసి రంగై కూర్చుంటుంది. ఒక పొరలో పసుపు, ఒక పొరలో ముదురు గులాబి, ఒక పొరలో ఆకాశనీలం. తర్వాత ఇంకో మందుతో వెండినంతా కడిగేస్తారు. రంగులు మిగులుతాయి. అంటే మా అమ్మ మాటే నిజం. కడిగితే బొమ్మ పోదు, కడిగితేనే వస్తుంది.

ఈ కిటుకు జర్మనీలో రుడాల్ఫ్ ఫిషర్ అనే ఆయన 1912 నాటికే కనిపెట్టాడు. కానీ ఒక చిక్కొచ్చింది. ఆ రెండో పదార్థాన్ని, మన లెక్కలో సున్నాన్ని, పొరల్లో పెడితే అది పెట్టిన చోట ఉండదు. పక్క పొరలోకి పాకిపోతుంది. తెల్ల బట్టల్లో కొత్త ఎర్ర రవిక వేసి నానబెట్టినట్టు రంగులన్నీ కలగాపులగం. మన సంగీతగాళ్లు దీనికొక దారి కనిపెట్టారు. సున్నాన్ని రీలులో పెట్టడమే మానేశారు. రీలులో పసుపు మాత్రమే. సున్నం కంపెనీ దగ్గరుంటుంది. కడిగేటప్పుడు పొరపొరకీ విడివిడిగా కలుపుతారు. గొప్ప ఆలోచనే. కానీ మొదట్లో ఆ కడగడం 28 మెట్ల పని. మూడున్నర గంటలు పట్టేది. మనుషులూ యంత్రాలూ ఉన్న పెద్ద లాబులో తప్ప ఇంకెక్కడా కుదరదు.

చూశారా విచిత్రం! ఇంటి స్నానాల గదిలో పుట్టిన రీలు మళ్లీ ఇంటికి రాలేని చోటికి వెళ్లిపోయింది. జనం ఫోటోలు తీసి రీలు కంపెనీకి పంపేవారు. కడిగే ఖర్చు కూడా రీలు ధరలోనే కలిపి వసూలు చేసేవారు. అమెరికా ప్రభుత్వం పట్టుబట్టి 1954లో ఒప్పందం చేయించాకే అక్కడ రీలు ధర వేరు, కడగడం ధర వేరు అయ్యాయి.

సున్నాన్ని పొరలోనే కట్టిపడేసే ఉపాయం ఇంకోచోట దొరికింది. 1936లో జర్మనీలో ఆగ్ఫా కంపెనీ ఆ పదార్థానికి ఒక పొడుగాటి తోక తగిలించింది. పడవకి లంగరు వేసినట్టు అది ఉన్నచోటే ఉండిపోయింది. 1942లో కొడాక్ వాళ్లే కొడాకలర్ రీలులో ఇంకో దారి తొక్కారు. ఆ పదార్థాన్ని కనపడనంత చిన్న నూనె బొట్లలో కరిగించి పొరలో చెదరగొట్టారు. చారు మీద నూనె నీళ్లలో కలవకుండా బొట్లు బొట్లుగా ఎలా ఉంటుందో అలాగ. ఈ రకం రీళ్లకి కావలసిన సరంజామా అంతా రీలులోనే ఉంటుంది. మనం మందు పోసి కడగడమే తరువాయి. 1946లో వచ్చిన ఎక్టాక్రోమ్‌తో పాటు కడుక్కునే మందుల పెట్టె కూడా అమ్మారు. కలర్ రీలు మళ్లీ ఇంటి దారి పట్టింది.

1972లో సీ-41 అనే పద్ధతి వచ్చింది. ఇది ఒక కంపెనీది అయినా, తర్వాత తక్కిన కంపెనీలన్నీ తమ రీళ్లని దీనికి సరిపోయేలా చేసుకున్నాయి. జపాను రీలైనా, జర్మనీ రీలైనా, అమెరికా రీలైనా కడిగే తీరు ఒకటే. కాకినాడలో కొన్న రీలు కాలిఫోర్నియాలో కడిగించుకోవచ్చు. మన ఊళ్లలో "గంటలో ఫోటోలు" అని బోర్డులు వెలిశాయి గుర్తుందా? ఆ మెషిన్ల లోపల జరిగింది ఇదే. మన పెళ్లిళ్లు, మన పిల్లల బారసాలలు అన్నీ ఈ పద్ధతిలో కడిగినవే.

మరి కొడాక్రోమ్ ఏమైంది? అందంలో దానికి సాటి లేదంటారు. నేషనల్ జియోగ్రాఫిక్ 1985 జూన్ సంచిక అట్ట మీద ఆకుపచ్చ కళ్లతో సూటిగా చూసే అఫ్గాన్ అమ్మాయిని మీరు చూసే ఉంటారు. స్టీవ్ మెకరీ తీసిన ఆ ఫోటో కొడాక్రోమ్ మీదిదే. కడిగాక చీకట్లో దాచుకుంటే దశాబ్దాలైనా రంగు తగ్గని రీలు అది. కానీ దాన్ని కడిగే చేతులు తగ్గిపోతూ వచ్చాయి. 2009లో కొడాక్ ఆ రీలు తయారీ ఆపేసింది. ఆఖరు రీళ్లలో ఒకదాన్ని మెకరీకే ఇచ్చారు. 36 ఫోటోలు. వాటిలో కొన్నింటి కోసం ఆయన మన దేశానికే వచ్చాడు. రాజస్థాన్‌లో రబారీ వాళ్లనీ, ముంబైలో అమితాబ్ బచ్చన్‌నీ తీశాడు. ఆ రీలు కడిగింది కాన్సస్ రాష్ట్రంలో పార్సన్స్ అనే చిన్న ఊళ్లో. అప్పటికి ప్రపంచం మొత్తానికి ఆ మందులు కలపగలిగినది ఆ ఒక్క లాబే. 2010 డిసెంబర్ 30తో వాళ్లు కూడా రీళ్లు తీసుకోవడం ఆపేశారు. ఈ రోజు ఎవరి బీరువాలోనైనా కడగని కొడాక్రోమ్ దొరికితే, మామూలుగా నలుపు తెలుపు బొమ్మగా కడుక్కోవాల్సిందే. రంగు రాదు.

ఇక్కడ నేను పుస్తకం మూసి చాలాసేపు ఆలోచించాను. మా అమ్మమ్మ పెట్టే మాగాయ గురించి మా చుట్టాల్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఏది ఎంత వేసేదో ఎవరికీ చెప్పలేదు. "నేనున్నాగా, పెట్టిస్తాగా" అనేది. ఆవిడతోనే ఆ రుచీ పోయింది. మా అత్తయ్యగారి ఆవకాయ అంత గొప్పది కాకపోవచ్చు. కానీ అడిగిన ప్రతివాళ్లకీ గిద్దల లెక్కన చెప్పారు. ఈ రోజు డల్లాస్‌లో, పుణెలో, మా వీధిలో ఎవరో ఒకరు అది పెడుతూనే ఉన్నారు. కొడాక్రోమ్ మా అమ్మమ్మ మాగాయ. సీ-41 మా అత్తయ్యగారి ఆవకాయ.

ఒక మాట మాత్రం ఒప్పుకోవాలి. ఇంటికొచ్చిన ఈ రంగులు అంత గట్టివి కావు. మా అమ్మానాన్నల పెళ్లి ఫోటోలు నలుపు తెలుపు, ఇప్పటికీ కడిగిన ముత్యాల్లా ఉన్నాయి. నా చిన్నప్పటి కలర్ ఫోటోలు నీలం వెలిసిపోయి ఎర్రబారాయి. అయినా అవి ఉన్నాయి. అదీ ముఖ్యం.

పొద్దున్నే అత్తయ్యగారినే అడిగాను, ఏం చేద్దామని. ఆవిడ తడుముకోకుండా అన్నారు, "పోతే మన చేతుల్లోనే పోనీ. ఊరూపేరూ తెలియని చోట పోవడం కంటే అదే నయం."

మందుల పెట్టె తెప్పించాం. ముందు మా అమ్మాయి తన సొంత రీలొకటి తీసి దాని మీద పరీక్ష చేసింది. అది పాడైంది. మందు వేడి కచ్చితంగా 37.8 డిగ్రీలుండాలి. సీసాలో పోసేసరికి వేడిగానే ఉంది, కడిగేలోగా చల్లారిపోయింది. బొమ్మలు పాలిపోయి, ఆకుపచ్చగా వచ్చాయి. నాకు గుండె జారిపోయింది. "37.8 అంటే ఎంతే?" అని అడిగాను. "ఫారన్‌హీట్‌లో నూరమ్మా" అంది. నూరా? నూరు జ్వరం తెలియని తల్లి ఉంటుందా! పిల్లల ఒంటి మీద చెయ్యేసి చెప్పేస్తాం. పాలు తోడుపెట్టే వేడికి అటూ ఇటూగా ఉంటుంది. "వేడి సంగతి నాకొదిలెయ్" అన్నాను. పెద్ద ప్లాస్టిక్ టబ్బులో వేడినీళ్లు పోసి, అందులో మందు సీసాలన్నీ నిలబెట్టి, థర్మామీటరు చూస్తూ చెంబుతో వేడినీళ్లు కలుపుతూ కూర్చున్నాను. రెండో పరీక్ష రీలు చక్కగా వచ్చింది.

ఆ మర్నాడే మామయ్యగారి రీలు. కొలత పాత్రలు, సీసాలు, గరిటె అన్నీ వేరే కొన్నాం. వంటింటి గిన్నె ఒక్కటి కూడా ముట్టుకోనివ్వలేదు. ఆ మందులు తిండి సామాన్ల దగ్గరికి రాకూడదు. చేతులకి తొడుగులు ఉండాల్సిందే. "ఇది మా అత్తగారి మడి కంటే ఎక్కువగా ఉందే" అన్నారు అత్తయ్యగారు. కిటికీ లేని సామాన్ల గదిలో, తలుపు సందుల్లో దుప్పట్లు కుక్కి, చిమ్మచీకట్లో మా అమ్మాయి రీలు డబ్బాలోకి ఎక్కించింది. వెలుతురు దూరని డబ్బా అది. ఒకసారి మూత పడ్డాక బయటికి తెచ్చుకోవచ్చు. మొదటి మందు మూడుంబావు నిమిషాలు. అది పారబోసి, వెండిని తీసేసే రెండో మందు. తర్వాత కుళాయి నీళ్లు, మళ్లీ మళ్లీ. పెళ్లిలో మంగళసూత్రం వేళ కూడా నేనింత ఊపిరి బిగబట్టలేదు.

డబ్బా మూత తీసి, తడి రీలు ఎండ వైపు పట్టుకుంది. నారింజ రంగు పట్టీ. మొదటి గళ్లన్నీ పొగచూరినట్టున్నాయి. ఇన్ని వేసవులు బీరువాలో ఉడికిపోయింది కదా. తర్వాత నెమ్మదిగా బొమ్మలు కనపడ్డాయి. 27లో పోల్చుకోదగ్గవి తొమ్మిది.

ఆరేసి, స్కాన్ చేసి, కంప్యూటర్‌లో చూసేసరికి సాయంత్రమైంది. అన్నప్రాసన పళ్లెం. అత్తయ్యగారు తులసికోట దగ్గర. నేను, ఇరవై నాలుగేళ్ల పిల్లని, నన్ను నేనే గుర్తుపట్టలేదు. ఏడోది పెరడు. ఫ్రేము ఒక పక్కకి ఒరిగిపోయి ఉంది. రంగులు వెలిసి, మీద ఊదా పొగ కమ్మినట్టుంది. మధ్యలో తెల్ల పంచె, చేతుల్లో బోసినోటి పిల్ల. కళ్లజోడు పైన మామయ్యగారి నుదురు సగం లేదు, పై అంచులో తెగిపోయింది. కానీ నవ్వు పూర్తిగా ఉంది.

అత్తయ్యగారు చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "తల కోసేశానే!" అన్నారు. అని, నవ్వారు. ఆ నవ్వులోనే కళ్లు తుడుచుకున్నారు. మా అమ్మాయి ఆవిడ పక్కన కూర్చుని, "నానమ్మా, ఇది నువ్వు తీసిన ఫోటో. వచ్చింది" అంది.

ఆ ఫోటో ఇప్పుడు మా హాల్లో ఉంది. సగం నుదురుతోనే. సరిచేయిస్తామంటే అత్తయ్యగారు వద్దన్నారు.

మా అమ్మాయి మందుల కొలతలు, వేడి, నిమిషాలు, చేసిన తప్పులతో సహా ఒక నోటుబుక్కులో రాసిపెట్టింది. నేను అందులోనే తర్వాతి పేజీలో అత్తయ్యగారి ఆవకాయ లెక్క రాశాను. ఒకటి చేతిలో ఉండగా రెండోది మర్చిపోవడమెందుకని.

మీ బీరువాలు కూడా ఒకసారి చూడండి. నాన్నగారిదో, బాబాయిదో, పాత కెమెరా దొరికితే గబుక్కున వెనక మూత తెరవకండి. పిడి తిప్పి బిగుతుగా ఉందేమో చూడండి. విడిగా రీలు డబ్బా దొరికితే దాని మీద సీ-41 అని ఉందేమో చూడండి. ఉంటే కడిగే దారి ఇంకా ఉన్నట్టే. ఎండ తగలని చల్లటి చోట పెట్టి, ఆలస్యం చేయకుండా కడిగించండి, లేదా కడుక్కోండి. ఒక్క వేసవి గడిస్తే ఒక్క బొమ్మ తగ్గుతుంది. అలాగే మీ ఇంట్లో ఒక్కరి చేతికే తెలిసిన వంటో, పాటో, పనో ఉంటే, ఈ వారమే కూర్చోబెట్టి రాయించుకోండి.